నూరు తంగేడు గింజలు

పెరట్లో పరిచిన టార్పాలిన్ పరదా మీద పడిన నల్లదుమ్మును తడిగుడ్డతో తుడుస్తున్నాను. స్టీల్ ప్లాంటు పక్కనుండే మా పెదగంట్యాడలో పొద్దున లేస్తే ఏ ఇంట్లోనైనా మొదటి పని ఇదే. గచ్చు, కిటికీ చువ్వలు, నీళ్ళ డ్రమ్ము మూత, తీగ మీద మరిచిపోయిన బట్టలు, దేని మీద వేలు రాసినా కాటుకలా అంటుకునేది. మా ఇంట్లో ఆ పని ఇంకాస్త ఎక్కువ. మా పరదా మీద గింజలు ఆరాలి.

“ఓలే అక్సా, ఆ మూల ఎవులు తుడుస్తారే? మీ నాన్న లేసొచ్చి తుడుస్తాడేటి?” అంది దీవెనమ్మ అత్త, గుమ్మంలో కూచుని టీ తాగుతూ.

మా నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. అత్త ఆయనకి సొంత అక్క.

నేను ఆ మూల కూడా తుడిచాను.

ఆ ఇంట్లో మేము నలుగురం. అత్త, అత్త కోడలు రోజలిన్ అక్క, అక్క కూతురు ఐదేళ్ళ ఆశాజ్యోతి, మాడుగుల దగ్గర మా ఊళ్ళో చదువు ఆపేసి వచ్చి చేరిన నేను. అత్త ఒక్కగానొక్క కొడుకు జాన్ పాల్ బావ మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం చేపల కోసం హార్బరుకి వెళ్ళి, తిరిగి వస్తూ లారీ కింద పడ్డాడు. చేపలు తెమ్మన్నది అక్క. అప్పట్నుంచి ఆ ఇంట్లో చేపల పులుసు అక్కే వండేది, అక్కకి మాత్రం పడేది కాదు. వద్దని అత్త ఎప్పుడూ అనలేదు. గరిటె అక్క కంచం దాకా వచ్చి పక్కకి తిరిగిపోయేది.

దసరా వెళ్ళిన వారం నుంచి మా పని మొదలయ్యేది. వానలు వెనకబట్టి, కాయలు ముదిరి, చెట్టు మీదే ఎండే కాలం అది. పరవాడ వైపు కంపెనీల వాళ్ళు గోడల వెంట మొక్కలు పెంచాలట, అవి కూడా ఈ నేలలో పుట్టిన మొక్కలే కావాలట. అందుకని నర్సరీల వాళ్ళకి తంగేడు, దిరిసెన, కుంకుడు, కరక్కాయ, దూలగొండి లాంటి గింజలతో అవసరం పడింది. కాయలు కోసుకురావడం, ఎండబెట్టడం, కర్రతో కొట్టడం, చెరగడం, జల్లించడం, పుచ్చులు ఏరడం మా వంతు. పేరు అత్తది. చెయ్యి అక్కది. అక్క కొండ కింద పల్లెలో పుట్టింది. ఏ కాయ ఏ వారంలో పగులుతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

దూలగొండి సంగతి కొంచెం చెప్పాలి. కాయంతా బంగారు రంగు నూగు. ఒంటికి తగిలితే చర్మం ఊడేదాకా గోక్కోవాలి. కాయలు ముందు నీళ్ళలో నానబెట్టి, తడి మీదే ఒలవాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ నూగు గోళ్ళ సందుల్లో, చీర మడతల్లో కొంత ఉండిపోతుంది. ఆ యేడు దూలగొండి మొత్తం అక్కకే అప్పజెప్పింది అత్త.

“దాని సేతులు మొద్దుసేతులు. దానికేటవదు,” అంది.

రోజూ మధ్యాహ్నం అక్క పెరటి గోడ వార దూలగొండి ముందు కూచునేది. ఆశాజ్యోతి బడి నుంచి వచ్చే వేళకి లేచి, చేతులు సబ్బుతో రుద్దుకుని, బూడిదతో రుద్దుకుని, మళ్ళీ సబ్బుతో రుద్దుకుని గేటు దగ్గర నిలబడేది. పిల్ల గేటు దాటి రెండడుగులు పరిగెత్తి ఆగిపోయేది.

“అమ్మ కాడికెల్లకే గుంటా, దురదెట్టేస్తాది! నా తల్లివి గదూ, మామ్మ కాడికి రా,” అని అత్త చేతులు చాపేది.

మొదటి వారం పిల్ల ఏడ్చింది. రెండో వారం నేరుగా మామ్మ దగ్గరికే వెళ్ళింది. నవంబరు వచ్చేసరికి పడుకోవడం కూడా మామ్మ పక్కనే. అత్త ఆ పిల్లని చూసుకోవడం చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. వేడి అన్నంలో నెయ్యి కలిపి, ఊది ఊది, ముద్దలు చేసి తినిపించేది. “అచ్చం మా జానుగాడి నుదురే,” అని ఆ నుదుటిని వేళ్ళతో నిమిరేది. అందులో నటన ఏమీ లేదు.

“అత్తా, దూలగొండి రోజు మార్సి రోజు సేస్తాను. పిల్ల నాకు బెదిరిపోతంది,” అని అక్క ఒకసారి అడిగింది.

“బెదిరితే బెదిరింది. తండ్రిని తినేసినదాని సేతికి ఆ మాత్రం దురదుండాలి,” అంది అత్త. పిల్ల నోట్లో ముద్ద పెడుతూనే అంది.

నవంబరు రెండో వారంలో తంగేడు కాయలకి వెళ్ళాం, మా వీధి చివర ఉండే అబ్బులు ఆటోలో. వెనక సీటు నిండా ఖాళీ సంచులు, చేటలు, నర్సరీలో దింపాల్సిన రెండు కుంకుడు మూటలు. వాటి మధ్య మేమిద్దరం.

“ఏటమ్మా ఇది! ఒకప్పుడు నా ఆటోలో మనుసులెక్కీవోలు. ఇప్పుడు ముల్లకంపలెక్కిస్తన్నారు. సీట్లు సూడండి, జల్లెడైపోనాయి,” అన్నాడు అబ్బులు.

“జల్లెడయితే మాకిచ్చీ అన్నియ్యా. జల్లెడ కోసం పూర్ణా మార్కెట్ దాకా ఎల్లక్కర్లేదు,” అంది అక్క.

“నీ నోరు పాడుగాను! నీతో మాటకి మాటాడి గెలిసీవోడు పుట్టలేదు రోజలిన్నూ!”

ఇంటి గేటు దాటితే చాలు, అక్క అలా మాట్లాడేది.

పరవాడ దాటాక రోడ్డు పక్క పెద్ద బీడు. అవతల పొగగొట్టాలు, ఇవతల తంగేడు పొదలు. గాలి వీస్తే ఎండిన కాయలు గలగలమనేవి. అక్క ఒక కాయ తెంపి నా చెవి దగ్గర ఆడించింది.

“ఇను. మోగితే ముదిరినట్టు. మోగకపోతే పచ్చిదన్నా అవ్వాలి, పురుగన్నా తినెయ్యాలి.”

కాయలు తెంపుతూ పొద వెంట పొద దాటుతుంటే ప్రతి పొదకీ కొన్ని వదిలెయ్యమంది. “అన్నీ మనమే పట్టుకెలిపోతే వచ్చే ఏడు ఈ బీడు మన మొకం సూస్తదేటి?” అంది.

ఎండ నెత్తిమీదికి వచ్చాక పొద నీడలో కూచుని చద్దన్నం తిన్నాం. అక్క తన చేతుల్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని చూసుకుంది. వేళ్ళ మధ్య చర్మం పొట్టు లేచి ఎర్రగా ఉంది.

“నాకేటీ వద్దు పిల్లా,” అంది ఉన్నట్టుండి. “ఒక గది సాలు. నాను, నా గుంట. పొద్దున్న లేస్తే అది నా పక్కనుండాలి. అంతే.”

నేను చద్దన్నం గిన్నెకి మూత పెట్టాను. నాకు అంత మాట్లాడే అలవాటు లేదు.

ఆ గది మధ్యాహ్నమే ఎదురొచ్చింది.

నర్సరీ ఆయన పేరు సీతారామాంజనేయులు. అందరూ ఆంజనేయులు గారనేవారు. గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చి, అది మానేసి నర్సరీ పెట్టాడు. నవ్విస్తూ మాట్లాడతాడు. మనిషి మాటని మాత్రం నమ్మడు.

“ఆయ్, రండి రండి. ఏవండీ రోజలిన్ గారూ, కుంకుళ్ళలో రాళ్ళేవీ కలపలేదు కదా?”

“రాల్లెక్కడ దొరుకుతన్నాయండీ? కొండలన్నీ తవ్వీసినారు గదా.”

ఆయన పడిపడి నవ్వాడు. మూట విప్పి, గుప్పెడు కుంకుళ్ళు తీసి, ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూశాడు. అప్పుడన్నాడు. “గింజల గదికి ఒక మనిషి కావాలండి. వచ్చింది చూసి తీసుకోడం, శుభ్రం చేయడం, నానబెట్టి నారు పొయ్యడం. నెల జీతం. పక్కనే ఉండటానికో గది. నీళ్ళు, కరెంటు ఉన్నాయి. బడి అదిగో, రోడ్డవతలే.”

అక్క చేతిలో మూట తాడు అలాగే ఉండిపోయింది. “పిల్లని తెచ్చుకోవచ్చాండీ?”

“మీ పిల్లని మీరు తెచ్చుకోడానికి నన్నడగడమేటండి బాబూ! అయితే ఒకటండి. పోయినేడు ఒకాయన కబుర్లు నమ్మి బస్తాలు బస్తాలు పారబోసుకున్నాను. మొలక చూస్తే గాని నేను నమ్మను. ఇద్దరూ పనిచేస్తున్నారు కదా, చెరో నూరు తంగేడు గింజలు ట్రేలో వెయ్యండి. పన్నెండో రోజు నేనే వచ్చి లెక్కెడతాను. ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళొచ్చెయ్యండి.”

రెండు నల్లటి ప్లాస్టిక్ ట్రేలు ఇచ్చాడు. దారంతా అక్క వాటిని పసిబిడ్డల్లా ఒళ్ళో పెట్టుకుంది. “నువ్వూ సరిగ్గా ఎయ్యి. పని నేర్సుకున్నట్టుంటాది,” అంది నాతో. నా ట్రే వల్ల తనకేదో అవుతుందని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అప్పటికి నేనూ అనుకోలేదు. కానీ గింజల గది పక్కనే ఉన్న ఆ గది తలుపు వైపు, ఆటో కదులుతుంటే, నేను రెండుసార్లు తిరిగి చూశాను.

ఇంటికి రాగానే అక్క అత్తకి చెప్పేసింది. దాచుకోవడం ఆమెకి రాదు. అత్త పుచ్చులు ఏరుతూ వింది.

“మంచిదే గదా. దేవుడు తలుపు తీస్తే మూసీడానికి మనమెవులం?” అంది.

నాలుగు గింజలు ఏరాక అడిగింది. “పిల్లని కూడా తీసుకెలిపోతావా?”

“నా పిల్లే గదా అత్తా.”

“ఊఁ,” అంది అత్త. చేట పక్కన పెట్టి లేచి, బడి నుంచి ఇంకా రాని పిల్ల కోసం గేటు దాకా వెళ్ళి నిలబడింది.

తంగేడు గింజకి పెంకు గట్టి. ఉన్నదున్నట్టు మట్టిలో వేస్తే నెలలు గడిచినా కదలదు. నీళ్ళు మరగబెట్టి, దించి, ఆ నీళ్ళు గింజల మీద పోసి తెల్లారేదాకా వదిలెయ్యాలి. పొద్దుటికి పెంకు మెత్తబడి ఉబ్బుతాయి. దించి పొయ్యడమే అందులో కిటుకు. గింజలు పొయ్యి ఎక్కితే లోపలి ప్రాణం కూడా పోతుంది. అయినా పైకి తెలీదు. ఉడికిన గింజా ఉబ్బుతుంది, నానిన గింజా ఉబ్బుతుంది.

“మా ఊల్లో ఒకామె గింజలు ఎసట్లో పోసీసి, మొక్కలు రాలేదని ఏడాదంతా భూమిని తిట్టింది,” అని అక్క నవ్వుతూ చెప్పింది, ఆ శనివారం సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి. దాకలో నీళ్ళు మరిగాయి. దించింది. నా గింజలున్న సత్తు గిన్నెలో సగం పోసింది, తన స్టీలు గిన్నెలో సగం పోసింది. రెండిటికీ మూతలు పెట్టి, తెల్లచీర కట్టుకుని, పిల్లని తీసుకుని చర్చిలో ప్రార్థన కూడికకి వెళ్ళింది. అత్త ఏ కూడికా మానదు. ఆ రోజు మోకాళ్ళు లాగుతున్నాయంది.

నేను పెరట్లో దిరిసెన పొట్టు చెరుగుతున్నాను. ఇంకా వెలుతురుంది. వంటింటి తలుపు తెరిచే ఉంది. స్టవ్ వెలిగించిన చప్పుడికి తలెత్తాను.

అత్త స్టీలు గిన్నె మూత తీసి లోపలికి చూసింది. మూత పెట్టి, గిన్నెను గింజలతో సహా పొయ్యి మీదికి ఎక్కించింది. టీ పొంగకుండా కాపలా ఉన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడింది. కాసేపటికి మూత ఎగిరెగిరి పడసాగింది. ఆమె మంట తగ్గించింది. ఆర్పలేదు. నేను ఒక చేట చెరిగాను. రెండో చేట చెరిగాను. మూడో చేటలో సగం ఉండగా స్టవ్ కట్టేసి, కొంగుతో గిన్నె పట్టుకుని, ఎక్కడిది అక్కడే నా గిన్నె పక్కన పెట్టింది. తగ్గిన నీళ్ళు చెంబుతో పోసి సరి చేసింది. నా గిన్నె ముట్టుకోలేదు.

అప్పుడు ఇటు తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను.

“సెరగడం అయిపోయిందేటి?” అంది.

“ఇంకో రెండు చేటలుంది అత్తా.”

“బేగి కానీ. మంచు పడిపోతాది.”

నేను తల వంచుకుని చెరిగాను.

మర్నాడు తెల్లారగానే ట్రేల్లో వేశాం. అక్క గిన్నెలోవి నా వాటికంటే లావుగా ఉబ్బి ఉన్నాయి. “సూసినావా, నా గింజలకి ఎంత ఆత్రమో!” అని మురిసిపోయింది. వరసకి పది చొప్పున పది వరసలు, వేలితో గుంట చేసి, గింజ పెట్టి, ఇసక కప్పి, చేత్తో నీళ్ళు చిలకరించింది. నేనూ అలాగే చేశాను.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు. ఆ ఇంట్లో నాకెప్పుడూ తోకముక్కే వచ్చేది. ఆ రోజు అత్త నడిముక్క తీసి నా కంచంలో వేసింది. “తిను. బక్కగైపోనావు,” అంది.

తిన్నాను. చాలా బాగుంది.

ఐదో రోజున నా ట్రేలో ఇసక అక్కడక్కడ పగిలింది. ఆరో రోజుకి ఇరవై దాకా లేచాయి, రెండాకుల మొలకలు, లేత పచ్చవి. ఆశాజ్యోతి రోజూ బడికి వెళ్ళే ముందు నా ట్రే దగ్గర కూచుని లెక్కపెట్టేది. అక్క ట్రేలో ఏమీ లేదు.

“సలి గదా. ఆలీసమవుద్ది,” అంది అక్క ఏడో రోజున. ట్రేని ఎండ ఎటు తిరిగితే అటు జరిపేది. సాయంత్రాలు తను కప్పుకునే శాలువా తెచ్చి దాని మీద కప్పేది.

“ఏటే రోజా, గింజలకి జొరమొచ్చిందేటి? దుప్పటి కప్పినావు!” అంది అత్త.

పదో రోజు పొద్దున నేను నీళ్ళు పట్టుకుని వస్తుంటే అక్క ట్రే ముందు కూచుని ఉంది. చీపురు పుల్లతో ఒక గింజని పైకి తీసి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో నొక్కింది. అది ముద్దలా అయ్యింది. వాసన చూసింది. ఇంకో వరసలోంచి ఇంకోటి తీసింది. తర్వాత రెండు గుంటలూ పూడ్చి, ఇసక సరిచేసి, అలాగే కూచుంది. అప్పుడు కొత్తవి వేసినా పన్నెండో రోజుకి రావు. ఆ లెక్క నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. నేను బిందె దించి లోపలికి వెళ్ళిపోయాను.

పన్నెండో రోజు ఆంజనేయులు గారు మోటారు సైకిలు మీద వచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, దాని మొనతో నా మొలకలు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టాడు.

“ఎనభై మూడు! అబ్బో, బంగారం చెయ్యమ్మా నీది. ఎవరు నేర్పారు?”

“చూసి నేర్చుకున్నానండి,” అన్నాను.

అక్క నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నేను చూసింది తననే కదా అనుకుని ఉంటుంది.

ఆయన రెండో ట్రే ముందుకి జరిగాడు. చాలాసేపు చూశాడు. పెన్నుతో ఒక గింజని తవ్వి నొక్కాడు. పగలబడి నవ్వాడు.

“ఇదేటండీ రోజలిన్ గారూ! మొక్కలెయ్యమంటే పప్పు వండేసేరు! తిరగమోత ఒక్కటీ మర్చిపోయేరా?”

అత్త గట్టిగా నవ్వింది. మామ్మ నవ్విందని ఆశాజ్యోతి కూడా నవ్వింది.

“నాను దించే పోసానండి,” అంది అక్క.

“దించి పోస్తే నూటికి పదైనా లేవాలి కదండీ. ఇవి ఉడికిపోయేయి.”

“కాదండి. ఒక దాకలో నీల్లే. అక్సా గిన్నెలోకి సగం పోసినాను, మిగతా సగం నా గిన్నెలోకి పోసినాను. నాను తప్పు సేస్తే దాని గింజలు కూడా సచ్చిపోవాలి గదా? అవి మొలిసినాయి గదా?”

ఆయన నవ్వు ఆపాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ ఆలోచించాడు. “అదీ నిజమేనండోయ్,” అని నా వైపు తిరిగాడు. “ఏమ్మా? నీ గింజలకి నీళ్ళు ఈవిడే పోసిందా?”

అక్క నా జవాబు కోసం చూడను కూడా లేదు. ఆ సంగతి తేలిపోయిందనే అనుకుంది. వంగి, చెదిరిన ఇసకని ట్రేలోకి ఎత్తుతోంది. అత్త ఆయనకి టీ గ్లాసు అందిస్తోంది. గ్లాసులో టీ తొణకలేదు.

“లేదండి,” అన్నాను. “నా నీళ్ళు నేనే కాచుకున్నాను.”

ఇసక ఎత్తుతున్న చెయ్యి ఆగింది. అక్క తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. తర్వాత అత్త ముఖంలోకి. ఆ తర్వాత వంటింటి తలుపు వైపు. శనివారం కూడికకి వెళ్ళేటప్పుడు మూత పెట్టిన గిన్నెలు రెండూ ఆమెకి అక్కడ కనపడుతున్నాయని నాకు తెలుసు.

“సదువుకున్న పిల్ల. రోజూ వాక్యం సదివే పిల్ల. దానికి అబద్దమాడాల్సిన పనేటండీ?” అంది అత్త.

అక్క లేచి నిలబడింది. “ఇంకో నూరు ఎయ్యనియ్యండి. మీ ముందే ఏస్తాను. సంచిలో గింజలు మంచివండి,” అంది ఆంజనేయులు గారితో. గొంతు మామూలుగానే ఉంది.

“టైం లేదండీ. జనవరిలో నారు మొదలవ్వాలి, మనిషిని ఇప్పుడే ఖాయం చేసుకోవాలి. ఏవీ అనుకోకండి, కాయలు తెచ్చే పని మీకెలాగూ ఉంటుంది,” అని ఆయన టీ ముగించాడు. “ఈ అమ్మాయిని పంపించండి దీవెనమ్మ గారూ. చిన్నదైనా చెయ్యి శుభ్రంగా ఉంది.”

“మీ దయ బాబూ. తండ్రి లేని గుంట,” అని అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ సాయంత్రం అక్క ట్రేలో ఇసక గోడ వార పారబోసి, ట్రే కడిగి బోర్లించింది. గొడవ అవుతుందని ఎదురుచూశాను. కాలేదు. నాతో మాట్లాడడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఉప్పందుకో అనేది, బకెట్టు జరుపు అనేది, వాన మబ్బు పట్టింది పరదా లాగు అనేది. అంతవరకే.

అత్త ఆ కబురు వీధంతా పంచింది. కొళాయి దగ్గర, కూడికలో, కొట్టు దగ్గర. మా కోడలు గింజలు ఉడకబెట్టిందమ్మా, వండుకు తినడం తప్ప దానికేటి తెలుసు, అని. వారం తిరిగేసరికి అబ్బులు కూడా ఆటో ఆపి కేకేశాడు. “ఏటి రోజలిన్నూ, ఇయ్యాల ఏ గింజల పులుసు?”

ఒకప్పుడైతే వాడికి తిరిగి నాలుగు మాటలు పడేవి. అక్క సంచి మూతి బిగించి కట్టి, ఆటోలో పెట్టి, పక్కకి జరిగింది. అబ్బులే ఇబ్బంది పడి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ రోజు అత్త నాకు కొత్త చీర పెట్టింది. ఆరాధన మధ్యలో పాస్టరు గారు, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పమన్నారు. అత్త నా మోచేతిని పొడిచింది. లేచి నిలబడ్డాను. తండ్రి లేని నాకు దేవుడు ఉద్యోగం ఇచ్చాడు, ఉండడానికి గది కూడా ఇచ్చాడు అని చెప్పాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వరసలో అక్క నాలుగో మనిషి. ఆమె పెదవులు కూడా కదిలాయి.

జనవరి రెండో తారీకు పొద్దున అత్త ఆటో కోసం వీధి చివరికి వెళ్ళింది. నేను ముందు రోజే వెళ్ళి గది చూసి, ఊడ్చి, తాళం చెవి తెచ్చుకున్నాను. నా బట్టల సంచి గోడ దగ్గర పెట్టి ఉంది. అక్క గుమ్మంలో కూచుని ఆశాజ్యోతికి జడలు వేస్తోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

“ఆ గదికి కిటికీ ఉన్నాదా?” అని అడిగింది అక్క. పిల్ల తల మీంచి చూపు తియ్యలేదు.

“ఉంది.”

“ఎటేపు?”

“తూర్పు వైపు.”

“ఎండొస్తాదా?”

“పొద్దున్నపూట వస్తుంది. మంచం దాకా పడుతుంది.”

అక్క పాపిట తీసి, పాయలు విడదీసింది. “బడి గంట ఇనపడతాదా?”

“వినపడుతుంది.”

“బాగుంటాది,” అంది. అని రిబ్బను కొస పళ్ళ మధ్య పట్టుకుని జడ అల్లడం మొదలుపెట్టింది. ఒక జడ పూర్తయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను. అత్త ఇంకా రాలేదు. వీధిలో ఎవరో పరదా దులుపుతున్నారు. ఆశాజ్యోతి నా సంచి వైపు చూసి, “నువ్వు మల్లీ ఎప్పుడొస్తావు?” అంది.

వీధి చివర ఆటో చప్పుడు వినిపించింది.

నేను సంచి తీసుకున్నాను. అక్క మోకాళ్ళు పక్కకి ముడుచుకుని, పిల్ల భుజం పట్టి తన వైపు లాక్కుని, నాకు దారి ఇచ్చింది. చెప్పులు వేసుకుని, వాళ్ళిద్దరి పక్క నుంచి మెట్టు దిగి, గేటు తీసుకుని వెళ్ళిపోయాను.